అయస్కాంతం వదిలేదాకా

ఎం.ఆర్.ఐ. స్కానింగ్ గొట్టంలోకి వెళ్లనని మామగారు మూడు వారాలు మొండికేశారు. కాళ్లు తిమ్మిరెక్కి అప్పటికే రెండుసార్లు బాత్రూంలో పడ్డారు. వెన్నులో నరం ఎక్కడో నలుగుతోందని, స్కాన్ తీస్తే తప్ప ఏ సంగతీ చెప్పలేనని నరాల డాక్టరు తేల్చేశాడు. అయినా ఆయన ససేమిరా అన్నారు. ముప్పై నాలుగేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషికి, ఇరుకు చోటంటే భయమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కొడుకు బతిమాలాడు, కసిరాడు, చివరికి తను అన్నం మానేస్తానని బెదిరించి ఎలాగో ఒప్పించాడు.

ఆ స్కాన్ తీయాల్సింది కోడలు. ఆస్పత్రిలో తొమ్మిదేళ్లుగా ఆ యంత్రాన్ని నడిపేది ఆమే. ఆయనకి అసలు ఇబ్బంది అక్కడే వచ్చిందేమో కూడా.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర మామగారు ఆమెని అడిగారు, "మీ యంత్రంలో అయస్కాంతాన్ని ఎంత చల్లగా ఉంచుతారమ్మాయ్?" అని. ఆమెకి తెలియదు. "అవన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటారు మామయ్యగారూ" అంది. ఆయన నవ్వి, "అయితే నువ్వు బటన్లు నొక్కుతావన్నమాట" అన్నారు. పెద్ద మాటేం కాదు. ఆయన చెయ్యి కడుక్కునేలోపే మర్చిపోయి ఉంటారు. ఆమె మర్చిపోలేదు. ఆనాటి నుంచి ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అత్తగారు ఉన్నన్నాళ్లూ ఇటు మాట అటు, అటు మాట ఇటు ఆవిడే చేరవేసేది. ఆవిడ పోయాక ఆ పని కొడుకు మీద పడింది. "మీ ఆవిడకి చెప్పు", "నాన్నగారికి చెప్పండి" అనుకుంటూనే ఏడేళ్లు గడిచాయి. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఎదురుపడితే ఒకరు గోడకి ఒదిగి రెండోవాళ్లకి దారివ్వాల్సినంత ఇరుకు నడవా. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఏడేళ్లు బతకడం తేలికైన విషయం కాదు. ఇద్దరూ బాగానే సాధన చేశారు.

ఆ రోజు పొద్దున్న పదిన్నరకి ఆమె మామగారిని బల్ల మీద పడుకోబెట్టింది. జేబులు తడిమి చూసింది, ఉంగరం తీయించింది, చెవుల్లో దూది పెట్టింది. చేతిలో రబ్బరు బంతి పెట్టి, "ఊపిరాడనట్టు అనిపిస్తే ఇది నొక్కండి, వచ్చేస్తాను" అంది. ఆయన కళ్లు మూసుకునే తలూపారు. బల్ల మెల్లగా లోపలికి జరిగింది. తల, ఛాతీ, నడుము గొట్టంలోకి వెళ్లాయి. మోకాళ్ల కింది నుంచి కాళ్లు బయట ఉండిపోయాయి. ఆమె తలుపు వేసి, అద్దం ఇవతలి గదిలో కూర్చుని యంత్రం మొదలుపెట్టింది.

నాలుగు నిమిషాలైనా కాకముందే బంతి అలారం మోగింది.

ఆమె యంత్రాన్ని ఆపి పరిగెత్తింది. మామగారు ఎగఊపిరితో ఎగిరెగిరి పడుతున్నారు. పెదవుల్లో రంగు లేదు. గుండెజబ్బు మనిషి కూడాను. ఆమె కంగారులో తలుపు బార్లా వదిలేసి, బల్ల వెనక్కి జరపాలని కూడా తోచక, గొట్టం మూతి మీదికి వంగి ఆయన చొక్కా పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే కేకేసింది. "అన్నా, ఆక్సిజన్ సిలిండర్ పట్టుకురా, తొందరగా."

బయట ఉన్న అటెండర్‌ని అందరూ నిదానం అంటారు. స్ట్రెచర్ తోసేటప్పుడు ఎదురొచ్చే ప్రతివాళ్లకీ "నిదానం, నిదానం" అని చెబుతాడని ఆ పేరు. యాభై దాటిన భారీ మనిషి. పాతికేళ్లలో అతను పరిగెత్తగా చూసినవాళ్లు లేరు. ప్రసూతి వార్డు నుంచి ఇక్కడికి మార్చి మూడు రోజులే అయింది. ఈ గదిలోకి తేదగ్గ అల్యూమినియం సిలిండరు వేరే ఉంటుందనీ, అది మూల బీరువాలో ఉంటుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉంది. అతనికి కనబడింది వరండాలో నిలబెట్టిన ఇనప సిలిండరు. భుజానికెత్తుకుని, జీవితంలో మొదటిసారి పరిగెత్తుకొచ్చాడు.

నేల మీద, ఇనుమేదీ దాటకూడని పసుపు గీత దాటగానే సిలిండరు అతని భుజం మీంచి ఎవరో లాక్కున్నట్టు వెళ్లిపోయింది.

ఆమెకి ముందు చప్పుడు వినబడింది. తర్వాత తన ఎడమ చెయ్యి కనబడలేదు. సిలిండరు గొట్టం మూతికి అడ్డంగా, ఏటవాలుగా అతుక్కుపోయి ఉంది. దాని కింది కొస బల్ల అంచుని తన్నిపట్టింది. పై కొసకీ యంత్రానికీ మధ్య ఆమె ముంజేయి ఉంది. నొప్పి కాసేపటికి గానీ రాలేదు. వచ్చాక ఇక పోలేదు.

"ఏమైంది? ఏమైంది అమ్మాయ్?" గొట్టం లోపలి నుంచి మామగారి గొంతు.

"ఏం కాలేదు మామయ్యగారూ. కదలకండి."

చిటికెలో గది నిండిపోయింది. ఆమె అరిచి చెబితే అందరూ వాచీలు, తాళాలు, ఫోన్లు బయట విసిరేసి వచ్చారు. ఆస్పత్రి సూపరింటెండెంటు బెల్టు తీసేసి, జారుతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. నలుగురు మగవాళ్లు సిలిండరు పట్టుకుని లాగారు. అది వేలెడు కదిలి, వాళ్ల పట్టు జారగానే మళ్లీ వచ్చి తగులుకుంది. ఆమె కేక విని వరండాలో జనం లేచి నిలబడ్డారు.

"లాగొద్దు. మీ వల్ల కాదు" అంది ఆమె ఊపిరి అందాక.

బల్లని వెనక్కి లాగి మామగారిని తీద్దామంటే సిలిండరు కొస దాన్ని కదలనివ్వలేదు. అవతలి వైపు నుంచి తీద్దామంటే ఆ గది అసలు చిన్న యంత్రం కోసం కట్టింది. ఈ పెద్దది పెట్టాక దాని వెనకకీ గోడకీ మధ్య జానెడు సందు మిగిలింది. అంటే ఆయన లోపల, ఆమె మూతి దగ్గర. ఇద్దరిలో ఎవరూ కదలడానికి లేదు.

సూపరింటెండెంటు గోడ మీది ఎర్రబటన్ నొక్కాడు. అయస్కాంతాన్ని చంపేసే బటన్ అది. మళ్లీ నొక్కాడు. అరచేత్తో గుద్దాడు. ఏమీ జరగలేదు. అతను ఆమె వైపు చూశాడు, ఆమె అతని వైపు చూసింది. మిగతావాళ్లకి ఆ చూపు అర్థం కాలేదు.

ఈలోగా ఎవరికో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కరెంటుతో నడిచే యంత్రం కదా, కరెంటు తీసేస్తే సరి అని మెయిన్ ఆపేశారు. ఫట్‌మని దీపాలన్నీ ఆరిపోయాయి. గొట్టం లోపలి చిన్న లైటు ఆరింది, లోపలికి గాలి ఊదే ఫ్యాను ఆగింది. సిలిండరు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

చీకటి కమ్మగానే మామగారు మళ్లీ మొదలుపెట్టారు. కుడి చేత్తో గొట్టం పైభాగాన్ని గుద్దుతున్నారు. "తియ్యండి నన్ను. తియ్యండి. చచ్చిపోతాను." ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. గుండె ఆగిపోతుందేమోనని భయం వేసింది. ఏం చెయ్యాలో తోచక, ఆయన ఏదడిగితే పలుకుతారో అదే అడిగింది.

"మామయ్యగారూ, కరెంటు తీసేసినా అయస్కాంతం ఎందుకు పోలేదు?"

గుద్దడం ఆగింది. "ఏమిటీ?"

"చెప్పండి. ఎందుకు పోలేదు?"

"అది... అది అతివాహకం. తీగలో నిరోధం ఉండదు. ఒకసారి పెట్టిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది. బయట నుంచి ఇవ్వక్కర్లేదు." ఊపిరికీ ఊపిరికీ మధ్య ముక్కలు ముక్కలుగా వచ్చాయి మాటలు. "చల్లగా ఉన్నంత సేపూ అంతే."

"మైనస్ రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీలు" అంది ఆమె.

గొట్టానికి ఆనించిన ఆయన చెయ్యి కిందికి దిగింది.

"ఎప్పుడు తెలుసుకున్నావు?"

"మీరడిగిన మర్నాడే."

ఆయన ఊపిరి కాస్త నెమ్మదించింది. నర్సు వచ్చి ఆమె కుడి భుజానికి ఇంజెక్షన్ ఇచ్చి, వీపు వెనక దిళ్లు పెట్టి నిలబెట్టింది. కంపెనీ ఇంజనీరు నాలుగు గంటల దూరంలో ఉన్నాడట. బయలుదేరాడట. నాలుగు గంటలు ఆ చెయ్యి ఉండదని డాక్టరు వరండాలో ఎవరితోనో అంటుంటే ఆమెకి వినబడింది. వేళ్లు అప్పటికే తన వేళ్లలా లేవు.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను మామయ్యగారూ."

ఆయన ఒక్క క్షణం నవ్వినట్టే అనిపించింది. "ఇంకేదైనా అడుగు" అన్నారు. అది అడుక్కోవడమే. చీకట్లో కాబట్టి అడగగలిగారు.

"ప్రకృతిలో బలాలు నాలుగే అంటారు కదా. నాకు రెండే తెలుసు."

"ఆ రెండూ ఇప్పుడు మన మీదే పని చేస్తున్నాయి" అన్నారు ఆయన. "ఈ సిలిండర్‌ని భూమి కిందికి లాగుతోంది. భూమంటే మొత్తం భూమి. కొండలు, సముద్రాలు, అన్నీ కలిసి. ఇటు ఈ గదిలో పట్టే అయస్కాంతం. ఎవరు గెలిచారో చూశావుగా. గురుత్వాకర్షణ అంత బలహీనమైంది. ఏటేటా పిల్లలకి చెప్పేవాణ్ని. ఒక్కడూ నమ్మేవాడు కాదు. మేడ మీంచి పడితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు కదా."

"నేను నమ్ముతాను."

"నీ ఎముక అంత బరువుకీ పూర్తిగా నుజ్జయిపోలేదంటే అదీ ఈ బలమే. విద్యుత్తూ అయస్కాంతమూ ఒకటే. అణువుల్ని అణువులు దగ్గరికి రానివ్వవు. నిన్ను నొక్కుతున్నదీ అదే, నిన్ను నిలబెడుతున్నదీ అదే." ఆగారు. "చాలా నొప్పిగా ఉందా?"

ఏడేళ్లలో ఆయన నోట ఆమె విన్న మొదటి ప్రశ్న అది, ఆమె గురించి అడిగినది. "ఉంది" అంది.

"మూడోది చెబుతాను విను. ప్రబల కేంద్రక బలం. అన్నిటికంటే పెద్దది. పరమాణువు నడిమధ్య ప్రోటాన్లు ఒకదాన్నొకటి తన్నుకుపోవాలని చూస్తుంటే వాటిని కట్టిపడేస్తుంది. కానీ దాని చెయ్యి పొడుగు కాదు. పక్కపక్కనే ఉంటేనే పట్టుకుంటుంది. రవ్వంత దూరం జరిగితే అసలు అది లేనట్టే."

వరండాలో ఎవరో ఎవర్నో తిడుతున్నారు. కాసేపటికి మామగారే అడిగారు.

"గోడ మీద ఎర్రబటన్ ఉంటుంది కదా, లోపలికి వస్తూ చూశాను. అది ఎందుకు నొక్కరు?"

"నొక్కారు."

"మరి?"

చెప్పకుండా ఉండగలిగే చోటు కాదు అది. ఆయన ఎటూ పోలేరు, ఆమె ఎటూ పోలేదు. లేచి వంటగదిలోకి వెళ్లిపోవడానికి ఇది ఇల్లు కాదు.

"దానికి తీగ లేదు మామయ్యగారూ" అంది చివరికి. "రెండు నెలల కిందట తుడిచే ఆమె కర్ర తగిలి దాని మూత పగిలింది. పొరపాటున ఎవరైనా నొక్కితే అయస్కాంతాన్ని చల్లగా ఉంచే హీలియం అంతా పోతుంది, మళ్లీ నింపడానికి నెల పడుతుంది, అప్పటిదాకా రోగుల్ని ఎక్కడికి పంపుతామని సూపరింటెండెంటుగారు తీగ తీయించేశారు. కొత్త మూత వచ్చేదాకా అన్నారు. నేను వద్దన్నాను. ఒక్కసారి అన్నాను. తర్వాత పుస్తకంలో సంతకం పెట్టాను."

"మూత రాలేదా?"

"వారంలో వచ్చింది. నా సొరుగులో ఉంది. రోజుకి పాతిక స్కాన్లు. రేపు పెట్టిద్దాం, రేపు పెట్టిద్దాం అనుకున్నాను."

గొట్టంలో ఆయన ఊపిరి వినబడుతోంది. ఇప్పుడు తిడతారు, ఇప్పుడు ఆ మాట అంటారు అని ఆమె ఎదురుచూసింది. బటన్లు నొక్కే ఉద్యోగం, అదీ చాతకాలేదు అంటారని.

"తీగ ఏ రంగు?" అన్నారు మామగారు.

"ఏమిటండీ?"

"తీసేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఎక్కడ తీశారు, ఏ రంగు?"

ఆమె కళ్లు మూసుకుంది. యంత్రాల గది, ఎడమ వైపు నుంచి మూడో బీరువా. రేకు తీస్తే కింద వరసలో నీలం తీగ ఒకటి, తెల్లది ఒకటి. కొసలకి నల్లటి టేపు చుట్టి పైకి మడిచాడు. ఆ పని చేసిన ఎలక్ట్రీషియన్ పోయిన నెలే రిటైరై వెళ్లిపోయాడు. ఇప్పుడున్నతనికి ఆ సంగతే తెలియదు.

"అన్నా" అని పిలిచింది.

నిదానం ఇంతసేపూ గుమ్మం పక్క నేల మీద కూలబడి మొహం తుండుగుడ్డలో దాచుకుని ఉన్నాడు. పిలుపు వినగానే లేచాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రెండుసార్లు అప్పజెప్పి పరిగెత్తాడు. యంత్రాల గదికి తాళం. తాళంచెవి స్టోరు గుమాస్తా దగ్గర. గుమాస్తా పై అంతస్తులో. నిదానం తలుపు మీద భుజంతో రెండు దెబ్బలు వేసి తెరిచేశాడని తర్వాత తెలిసింది. పది నిమిషాల్లో రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

"మేడం, టేపు చుట్టిన తీగలు రెండు కాదు, ఆరున్నాయంట. రంగులన్నీ మాసిపోయాయి. తప్పుది కలిపితే ఏమవుద్దోనని ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టటంలేదు."

ఆమెకి ఇక ఆలోచన ముందుకి సాగలేదు. కళ్ల ముందు నల్లటి మచ్చలు ఈదుతున్నాయి.

"బాబూ, ఇటు విను" అన్నారు మామగారు లోపలి నుంచి. క్లాసులో వెనక బెంచీని పిలిచే గొంతు. "ఆ బటన్‌కి వేరే బ్యాటరీ ఉంటుంది. మెయిన్ ఆపినా అది బతికే ఉంటుంది. ఆరు తీగలకీ మీటరు పెట్టి చూడమను. ఇప్పుడు మెయిన్ లేదు కాబట్టి మిగతావన్నీ చచ్చి ఉంటాయి. ఒక్కదాంట్లోనే వోల్టేజి కనబడుతుంది. అది బ్యాటరీ నుంచి వచ్చేది. మెయిన్ మాత్రం మళ్లీ వెయ్యొద్దని చెప్పు. అర్థమైందా?"

"ఆ ఒక్కటీ దేనికి కలపాలి సార్?"

"బటన్ నుంచి వచ్చేదానికి. ఇక్కడ ఒకరు బటన్ నొక్కిపట్టుకుంటే, ఆ తీగకి మాత్రమే మీటరు దారి చూపిస్తుంది. మిగతావి చూపించవు."

నిదానం పెదవులు కదుపుకుంటూ వెళ్లాడు. నర్సు వెళ్లి ఎర్రబటన్ మీద బొటనవేలు పెట్టి నిలబడింది.

"అమ్మాయ్, నిద్రపోకు."

"లేదండీ."

"నాలుగోది అడగలేదు నువ్వు."

"నాలుగోది ఏమిటి?" ఆమె నాలుక మడతపడుతోంది.

"దుర్బల కేంద్రక బలం. పేరు చూసి చిన్నచూపు చూడకూడదు. సూర్యుడు మండాలంటే ముందు ప్రోటాను న్యూట్రానుగా మారాలి. ఆ మార్చే పని దీనిది. దీనికి చచ్చే బద్ధకం. కోటానుకోట్ల సార్లు గుద్దుకుంటే ఎప్పటికో ఒకసారి. ఆ బద్ధకం వల్లే సూర్యుడు ఇన్నాళ్లు ఉన్నాడు. తొందరపడేదైతే మనం పుట్టకముందే అయిపోయేవాడు. వింటున్నావా?"

"ఊఁ."

"ఏం చెప్పానో చెప్పు."

"బద్ధకం" అంది.

"ఫర్వాలేదు, పాసవుతావు."

నిదానం ఈసారి వచ్చినప్పుడు దొరికిందని చెప్పాడు. కలుపుతున్నారట. నర్సు బొటనవేలు బిగించింది. అప్పుడు మామగారు గట్టిగా అన్నారు, "ఆగండి. ఒక్క నిమిషం. అయస్కాంతం వదలగానే ఆ సిలిండర్‌ని భూమి పట్టుకుంటుంది. నా మోకాళ్ల మీదో, ఆ అమ్మాయి పాదాల మీదో పడుతుంది. కింద ఎవరైనా పట్టుకోండి."

ఎవరికీ తట్టని విషయం అది. నిదానం వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, సిలిండరు కింద రెండు చేతులూ చాపి, రొమ్ము ఆనించాడు. అతని చెవి ఆమె నడుముకి తగులుతోంది. "వదిలేది లేదు మేడం" అన్నాడు నేల వైపు చూస్తూ.

నర్సు నొక్కింది. పైకప్పు మీద హీలియం బయటికి పోయే గొట్టంలోంచి పెద్ద ఈలలా మొదలై, భవనం అదిరేలా హోరు వచ్చింది. అందరూ చెవులు మూసుకున్నారు. సిలిండరు మొదట వణికింది. తర్వాత మెత్తబడినట్టు, పిడికిలి సడలినట్టు కొంచెం కొంచెంగా జారి నిదానం చేతుల్లోకి వచ్చింది. ఆమె అది చూడలేదు. చెయ్యి విడుదలైన క్షణమే స్పృహ తప్పింది.

మొత్తం రెండు గంటల పది నిమిషాలు పట్టిందని మొగుడు చెప్పాడు. తను పనిచేసే అచ్చాఫీసు నుంచి చేతులకి సిరాతోనే వచ్చాడట. చెయ్యి నిలిచింది. రెండు ఎముకలకీ రాడ్లు వేశారు. చిటికెనవేలు, ఉంగరం వేలు మాత్రం వంగవు, స్పర్శ లేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

నాలుగో రోజున సూపరింటెండెంటు ఆమె వార్డుకి వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలా మెల్లగా మాట్లాడాడు. విచారణ వేశారు. అటెండర్ నిర్లక్ష్యంగా ఇనప సిలిండరు తెచ్చాడు, అంతే. సంతకాల పుస్తకంలో ఆ పేజీ లేదు. "నీ పేరు ఎక్కడా రాదు. నేను చూసుకుంటాను. నువ్వు అల్యూమినియందే తెమ్మన్నావని చెప్పు, చాలు."

సూపరింటెండెంటు వెళ్లాక ఆమె చాలాసేపు కిటికీ వైపు చూస్తూ పడుకుంది. గొట్టం దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఇంత ఊపిరాడనట్టు లేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నిదానానిది పోతుంది. అతనికి ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది, ఇంట్లో మంచం పట్టిన భార్య ఉంది. పేజీ లేదు కాబట్టి, తీగ తీయడానికి సంతకం పెట్టానని ఆమె నోట విన్నది ప్రపంచంలో మామగారొక్కరే.

మర్నాడు మామగారు చక్రాల కుర్చీలో చూడటానికి వచ్చినప్పుడు ఆమె అంతా చెప్పింది. కొడుకు ద్వారా కాదు, నేరుగానే. "మీరేమంటారు?"

ఆయన తన మోకాళ్ల వైపు చూసుకున్నారు. "నేను ఎవరికీ చెప్పలేదు. మీ ఆయనకి కూడా. సాక్ష్యానికి పిలిస్తే అబద్ధం చెప్పను, పిలవకపోతే నోరెత్తను. ఇది నువ్వు తేల్చుకోవాల్సిందే అమ్మాయ్. ఏది చేసినా ఇంట్లో నేను ఒక్క మాట అనను."

"ఒక్క మాట చాలు మామయ్యగారూ, మీరంటే" అంది. ఆయనకి ఆనాటి భోజనాల దగ్గరి మాట గుర్తొచ్చిందో, రాలేదో. తల వంచుకున్నారు.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. నిదానం తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని కూర్చోమనలేదు. ఏ సిలిండరు తెమ్మన్నావని ఆమెని అడిగారు. "సిలిండరు తెమ్మన్నాను. ఏదో చెప్పలేదు. రెండు రకాలుంటాయని అతనికి నేర్పాల్సింది నేను, నేర్పలేదు" అంది. ఇక ఆగలేకపోయింది. బటన్ తీగ సంగతి, సంతకం, సొరుగులో మూత, అన్నీ చెప్పింది. మూత ఇంకా అక్కడే ఉంది, వెళ్లి చూసుకోండి అంది. చెబుతున్నంతసేపూ సూపరింటెండెంటు బల్ల మీద కాగితాలు సర్దుతూ ఉన్నాడు. బయటికి వచ్చాక తేలికగా ఉంటుందేమో అనుకుంది. అలా ఏమీ లేదు.

ఆమెని ఆరు నెలలు సస్పెండ్ చేశారు, తర్వాత రికార్డుల గదిలో వేస్తామన్నారు. సూపరింటెండెంటుని ఇంకో ఆస్పత్రికి మార్చారు. నిదానం ఒక మందలింపు కాగితంతో ప్రసూతి వార్డుకి తిరిగి వెళ్లాడు. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాను బాగా తిరుగుతోందని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఇంతలో మామగారి కాళ్లు ఇంకా పాడయ్యాయి. ఆపరేషన్ చెయ్యాలంటే స్కాన్ తప్పదు. మొదటిది నాలుగు నిమిషాల్లోనే ఆగిపోయింది కదా. ఊరి అవతల ఇంకో ఆస్పత్రిలో తేదీ తీసుకున్నారు. ఈసారి ఆయన మొండికెయ్యలేదు. ముందు రోజు సాయంత్రం మాత్రం ఆమె గది గుమ్మం దగ్గరికి కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"రేపు నువ్వు గదిలో ఉంటావా? బయట కాదు. లోపల."

ఆ రోజు తర్వాత ఆమె లిఫ్టు ఎక్కడం మానేసింది. స్నానాల గది తలుపు గడియ పెట్టడం లేదు. ఆ యంత్రం చప్పుడు తలుచుకుంటేనే చేతిలో రాడ్లు లాగినట్టుంటుంది. అవి టైటానియం రాడ్లు, అయస్కాంతం వాటి జోలికి రాదని ఆమెకి అందరికంటే బాగా తెలుసు. తెలియడం వల్ల ఉపయోగం లేకపోయింది.

"ఉంటాను" అంది.

మర్నాడు ఆ ఆస్పత్రి టెక్నీషియన్ ఆమె జేబులు తడిమి, చెవుల్లోకి దూది ఇచ్చింది. చిన్న పిల్ల. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెబుతుంటే ఆమె అడ్డుపడకుండా అంతా వింది. బల్ల లోపలికి జరిగింది. తలుపు మూసుకుంది. గోడ మీది ఎర్రబటన్‌నీ దాని మూతనీ ఆమె ఒకసారి చూసి తల తిప్పుకుంది. గుమ్మం వైపు నాలుగడుగులు. లెక్కపెట్టుకుంది, కదల్లేదు.

గొట్టం మూతి దగ్గరికి వెళ్లి, కుడి చేత్తో ఆయన పాదం పట్టుకుంది.

"పట్టుకున్నావా?" అన్నారు ఆయన లోపలి నుంచి. ఆ పాదానికి తెలియడం మానేసి చాలా రోజులైంది.

"పట్టుకున్నాను మామయ్యగారూ."

"ఎక్కడ?"

"బొటనవేలు దగ్గర."

"సరే" అన్నారు. యంత్రం మొదలైంది. పాతిక నిమిషాలు ఆ హోరులో ఇద్దరికీ ఇంకేమీ వినబడలేదు. ఆమె వంగినచోటి నుంచి నడుం ఎత్తలేదు, చెయ్యి తియ్యలేదు.